మోటారుకారు బెల్టు – బిగువు చక్రము

(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయ ఉత్సవములలో కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ఉపన్యసించుట వాడుక. ఈ యుపన్యాసమునకు విషయము మాత్రము మోటారుకారు బెల్టు, దాని బిగువును కాపాడు చిన్న చక్రము. ఇందుకు కారణము లేకపోలేదు. పల్లెలనుండి విశాఖపట్టణమునకు బోయి, అద్దెకార్లు నడిపి కుటుంబములను పోషించువారు నేడు పెక్కుమంది కలరు. వారి జీవనమొక రబ్బరు పట్టీ నాధారము చేసికొని నడచుచున్నదన్న అతిశయోక్తి కాదు.

విశాఖ నౌకాశ్రయము 1933లో ఆరంభమయ్యెను. వెలుపలి రేవు 1976లో ఏర్పడెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయ్యెను. బైలదిల్లా కొండల ఇనుపరాయి రైలుమీద వచ్చి, రేవునందు పొడవైన రబ్బరు పట్టాలమీదుగా ఓడలకెక్కును. అంత పొడవైన పట్టాలకు ఒక బరువును వ్రేలాడగట్టుట యంత్రకారుల పద్ధతి. పట్టా సాగినకొలది బరువు క్రిందికి దిగి ఆ వదులును తీసివేయును. కారు ఇంజనులో ఇట్టి పనినే ఒక స్ప్రింగు చేయును. దానిని మెకానిక్కులు టెన్షనరు అందురు. తెలుగున బిగువు చక్రమనవచ్చును.

బెల్టు చక్రమును త్రిప్పునది రాపిడి బలముచేతనే. ఆ బలము బెల్టు బిగువునుబట్టియు, చక్రము చుట్టును అది ఎంతమేర ఆవరించినదో దానినిబట్టియు ఉండును. ఈ సంబంధమును 18వ శతాబ్దమున ఆయిలరను గణితవేత్త లెక్కకట్టి చూపెను. బిగువు తగ్గిన బెల్టు జారును, జారిన వేడెక్కును, వేడెక్కిన త్వరగా అరుగును. బిగువు హెచ్చినచో జారదు గాని, ఇరుసులను లాగి బేరింగులను పాడుచేయును. తెగేదాకా లాగరాదని పెద్దలు చెప్పిన మాట ఇచ్చట అక్షరాల చెల్లును. బుద్ధ భగవానుడు సోణుడను భిక్షువునకు వీణతంతుల దృష్టాంతమున బోధించినదియు నిదియే: మిక్కిలి బిగించినను, మిక్కిలి వదలినను వీణ పలుకదు.

పూర్వపు అంబాసిడరు కార్లలో ఈ బిగువును మనుష్యుడే చూచుకొనవలసియుండెను. డైనమో బోల్టులను వదులుచేసి, దానిని వెలుపలికి లాగి, బొటనవ్రేలితో నొక్కిన బెల్టు సుమారు అర అంగుళము లోనికి పోవునట్లు నిలిపి బిగించెడివారు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయెను. ఇప్పటి కార్లలో పెక్కింటియందు పొడవునా గాడులు గల వెడల్పు బెల్టొకటి, బ్యాటరీకి విద్యుత్తునిచ్చు ఆల్టర్నేటరును, చల్లదనమునిచ్చు ఏసీ కంప్రెసరును త్రిప్పును. కొన్నింట నీటిపంపును, స్టీరింగు పంపును కూడ త్రిప్పును. ఒక చేయి, దానిని నెట్టు స్ప్రింగు, చేయి చివర నునుపైన చక్రము, అందులో బేరింగు – ఇంతియే బిగువు చక్రపు నిర్మాణము.

ఇంత చిన్న వస్తువు చెడిన కలుగు కష్టము చిన్నది కాదు. విశాఖనుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఆ ఘాటు మార్గమున బెల్టు తెగినచో ముందుగా బ్యాటరీ దీపము వెలుగును. పంపుతో నడచు స్టీరింగు బరువెక్కును. నీటిపంపు ఆ బెల్టుమీదనే యున్నచో ఇంజను కాగిపోవును. కొన్ని డీజిలు బండ్లలో బ్రేకులకు తోడ్పడు వాక్యూమ్ పంపు ఆల్టర్నేటరు వెనుకనే అమర్చబడియుండును. అట్టి బండికి బెల్టు తెగిన పిదప బ్రేకు తొక్కుటకు ఎంతో బలము వలయును. పల్లమున ప్రయాణికులతో దిగుచున్న డ్రైవరునకు అది ప్రాణసంకటము. దీపము వెలిగిన వెంటనే క్షేమమైన చోట బండి నాపి ఇంజను కట్టివేయవలెను. కాగిన రేడియేటరు మూతను మాత్రము తీయరాదు.

చెడుటకు ముందే ఆ చక్రము సూచన లిచ్చును. ఉదయము ఇంజను వేసినపుడు కీచుమను ధ్వని, నడచుచుండగా చేయి అతిగా అదరుట, బెల్టు చక్రము మధ్యనుండి ప్రక్కకు తొలగుట, అంచుల దారములు లేచుట – ఇవి దాని మొరలు. కీచుధ్వని మాన్పుటకు బెల్టుకు నూనెయో గ్రీజో పూయుట రోగము విడిచి కేకను మాన్పించుటవంటిది. తీరప్రాంతపు ఉప్పుగాలి ఇనుమును త్వరగా త్రుప్పు పట్టించును; కావున సముద్రపు రోడ్డున తిరుగు బండ్ల స్ప్రింగును, బేరింగును తరచుగా చూడవలెను. క్రొత్త రబ్బరు బెల్టులు పగుళ్లు చూపకయే లోపల అరుగును. గాడుల లోతును కూడ పరీక్షింపవలెను.

మార్చు విధము: ఇంజను చల్లారవలెను. తాళము తీసి, బ్యాటరీ నెగెటివు తీగను విడదీయవలెను. బెల్టు పోవు మార్గమును కాగితముపై గీసికొనవలెను. పొడవైన పిడిగల స్పానరుతో చేతిని త్రిప్పి బిగువు వదల్చి, బెల్టును తీసి, చేతిని మెల్లగా వెనుకకు విడువవలెను. ఒక్కసారిగా విడిచిన స్ప్రింగు వ్రేళ్లను నలుగగొట్టును. బెల్టు లేనపుడు తక్కిన చక్రములన్నిటిని చేతితో త్రిప్పి గరగర ధ్వనిని, ఊగులాటను పరీక్షింపవలెను. పాతదానిని విప్పి, క్రొత్తదాని వెనుకనున్న మేకు దాని రంధ్రమున సరిగా కూర్చుండునట్లు పెట్టి, తయారీదారుల పుస్తకములోని కొలతకు బోల్టును బిగింపవలెను. బెల్టు ప్రతి గాడియందును కూర్చున్నదని చూచిన పిదపనే ఇంజను వేయవలెను. చక్రము మార్చునపుడు అరిగిన బెల్టును మరల వేయుట చిల్లుకుండను కడిగి నీరు పోయుటయే. ఇంజను తిరుగుచుండగా చేతులను, ఉత్తరీయమును, చీరకొంగును బెల్టు దరి చేర్చరాదు. లోపలనుండు టైమింగు బెల్టు వేరు. తెలియనివారు దానిజోలికి పోరాదు.

మార్చిన తేదీని, అప్పటి కిలోమీటర్ల అంకెను జమాఖర్చువలె పుస్తకమున వ్రాసి యుంచుట మేలు. జ్ఞాపకము తప్పును గాని వ్రాత తప్పదు.

ఈ గ్రంథాలయపు బీరువాలలో ప్రబంధములకు లోటు లేదు. వాని ప్రక్కనే కార్ల మరమ్మతు పుస్తకములకు ఒక అర కేటాయింపబడవలెను. అందలి ముఖ్య విషయములు తెలుగున వ్రాయించి గోడకు తగిలింపబడవలెను. సాయంకాలము పత్రిక చదువవచ్చిన డ్రైవరు పది నిమిషములు దానిని చూచిపోయినచో, మరునాటి ఘాటు ప్రయాణము క్షేమకరమగును. కార్యవర్గమువారు ఈ విన్నపమును మన్నింతురు గాక.