అడ్మిషన్ బల్ల దగ్గర చట్టం



బీఈడీ కాలేజీలో ఛాత్రోపాధ్యాయులకు చట్టాల గురించి ఏం చెబుతావని మిత్రులు అడుగుతుంటారు. పరీక్షకైతే పెద్దగా చెప్పక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది అని రాస్తే మార్కులు పడతాయి. ఆ రాసినవాళ్లే పటాన్‌చెరు వైపు ఏదో ఒక బడికి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది.

పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం సంగతి మీకు తెలుసు. ఒడిశా, బిహార్ నుంచి పనికొచ్చిన కార్మికుల పిల్లలు అక్కడ ఉంటారు. ఒక తల్లి పిల్లను వెంటబెట్టుకొని బడికి వస్తుంది. పుట్టిన తేదీ కాగితం ఉండదు, టీసీ ఊళ్లోనే ఉండిపోతుంది. “కాగితాలు తెచ్చుకొని రామ్మా” అంటారు. అన్నవాళ్ల మనసు చెడ్డదేం కాదు. కానీ ఆ పిల్ల మళ్లీ రాదు.

అందుకే క్లాసులో ఒకరిని తల్లిగా, ఇంకొకరిని హెడ్మాస్టరుగా కూర్చోబెడతాను. తల్లి హిందీలోనే మాట్లాడాలని నియమం. సగం క్లాసు నవ్వులతోనే గడిచిపోతుందనుకోండి. ఆ తర్వాత పుస్తకం తెరుస్తాం. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్. టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పోక్సో చట్టం దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోతాయి. కిందటి బ్యాచ్‌లో ఒకమ్మాయి లేచి అడిగింది: “సార్, ఒక పాప ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేను బయటికి చెబితే రేపు నా ఉద్యోగం ఉంటుందా?”

నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి ఆ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హెడ్మాస్టరు చెవిన వేసి ఊరుకుంటే సరిపోదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు నిలవదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆ మాట విన్నాకే ఆమె కూర్చుంది. ఉద్యోగం సంగతి మాత్రం అందులో లేదు. నియామకపత్రం కూడా ఇవ్వని బడుల్లో ఆ భయం ఉత్తదేనని నేను ఎలా చెప్పను? చెప్పలేదు.

1098 నంబరు అందరి చేతా రాయించాను. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ గురించి చెప్పాను. స్త్రీలకు, పిల్లలకు, పరిశ్రమల కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. 1987 చట్టంలోనే ఆ హక్కు ఉంది. టీచరమ్మకూ వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

ఈ సభలో సంగారెడ్డి కోర్టులో ప్రాక్టీసు చేసే మన బడివాళ్లు కనిపిస్తున్నారు. నవంబరు 9న న్యాయసేవల దినోత్సవానికి పిలిస్తే మీరు వస్తారు, దండ వేస్తాం, ఫొటో దిగుతాం. ఈసారి ఇంటర్న్‌షిప్ మొదలయ్యే ముందు వారం ఒక పూట రండి. వెళ్లేటప్పుడు ఫోన్ నంబరు బోర్డు మీద రాసి వెళ్లండి. బడి నడుస్తున్న వేళ మా పిల్లలు ఫోన్ చేస్తే ఎత్తాలి.