చారిత్రక యాత్ర: యాత్రికుని ధర్మము
(వసంత యాత్రకు బయలుదేరు బృందమునకు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది వెళ్లినది. ఎండలు ముదరక ముందే మీ రందఱును ఒకే బస్సులో మూడు దినముల యాత్రకు సిద్ధపడితిరి. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ: కృష్ణకు ఎదురెక్కి పోవు ఈ త్రోవలో మన ప్రాచీన బౌద్ధక్షేత్రములు మూడు మీకు దర్శనమిచ్చును. భోజనమెక్కడ, బస యెక్కడ అను సంగతులు మీ కార్యదర్శి చెప్పియే యున్నారు. అక్కడ చూడవలసిన దేమి, చూచి చేయవలసిన దేమి యను రెండు మాటలు చెప్పుట నా వంతు.

గోపురములను, మంటపములను ఆశించి పోవువారికి నిరాశ తప్పదు. భట్టిప్రోలున ఒక ఇటుక దిబ్బ. అమరావతిలో స్తూపపు పాదు. నాగార్జునసాగర జలముల నడుమ ఒక కొండ. "దీనికై యింత దూరము రావలెనా?" అని బస్సులో నెవరో ఒక రనకపోరు. వారికి నా సమాధానము ఇది: ఉన్నదానిని చూచి వచ్చుట చాలదు, పోయిన దెట్లు పోయెనో తెలిసికొని రావలయును.

మొదట భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అను పురావస్తు అధికారి అచ్చట త్రవ్వగా ధాతుకరండములును, వానిపై బ్రాహ్మీలిపి శాసనములును బయల్పడినవి. దక్షిణాపథమున దొరకిన అతిప్రాచీన లేఖనములలో నవి చేరును. కాని రే వచ్చుటకు ముందే స్తూపము చాలవఱకు ధ్వంసమైనది. కృష్ణా కాలువల పనులు చేయించిన వారు దాని చలువరాతి పలకలను వెల్లటూరు వద్ద కాలువ కట్టడములకు వాడుకొనిరి. ఆ కాలువల నీటితో పండిన అన్నము మనము తినుచున్నాము గనుక నీరు వద్దను వా రెవ్వరును లేరు. కాని తూమునకు రాయి కావలసినచో వేఱొక చోట దొరకదా? ఈ ప్రశ్న నాడు అడిగినవారు లేకపోయిరి.

తరువాత అమరావతి. అచ్చటి పలకలపై దాతల పేర్లు కలవు. వారిలో వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు ఉన్నారు. పూర్ణఘటమును చెక్కించిన పలక నిచ్చినవాడు విధికుడను చర్మకారుడు. అనగా నది ఒక్క రాజుగారి బొక్కసముతో లేచినది కాదు. పదిమంది చందాలతో లేచినది. గ్రంథాలయములకును, వరద సహాయమునకును ఇంటింట చందాలు పోగుచేసిన కార్యకర్తలకు ఆ శాసనములు చదువునప్పుడు తమ రశీదు పుస్తకములు జ్ఞప్తికి రాకపోవు. అట్టి ప్రజాధనము ఏమైనది? 1797లో కాలిన్ మెకంజీ అచ్చటికి పోవునప్పటికే జమీందారుగారి నూతన పట్టణ నిర్మాణమునకై దిబ్బను త్రవ్వుచుండిరి. ఎన్నియో శిల్పములు సున్నపు బట్టీల పాలైనవి. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమునకును, అందుండి 1859లో లండనుకును పోయినవి. సుమారు 120 ఖండములు బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. వానికొఱకు మనము ఆగ్రహించుట న్యాయమే. ఆ దావా విడువరాదు. కాని ఏ న్యాయవాదియు తన కక్షిదారుని లోపము తెలిసికొనక న్యాయస్థానపు మెట్లెక్కడు. శిల్పములను బట్టీలో వేసిన చేతులు పరదేశీయులవి కావు.

కడపట నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదియే. వీరపురుషదత్తుని మేనత్త శాంతిశ్రీ మొదలగు స్త్రీల దానములతో అచ్చటి చైత్యములు, విహారములు వెలసినవి. 1926లో ఆ లోయ మహిమ లోకమునకు తెలిసినది. 1955 డిసెంబరు 10వ తేదీన ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగుట నిశ్చయమైనది. పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వఱకు లోయనంతయు త్రవ్వి, కొలిచి, వ్రాసి, కొన్ని కట్టడములను కొండమీదికిని, మఱికొన్నింటి రూపములను అనుపునకును తరలించిరి. పిమ్మటనే జలాశయము నిండినది; 1967లో కాలువలకు నీరు విడిచిరి.

మిత్రులారా, భట్టిప్రోలును పోగొట్టినది నీటి పనియే. నాగార్జునకొండ లోయను ముంచినదియు నీరే. వ్యత్యాసమేమి? ఒకచోట అడుగువారు లేరు. మఱియొకచోట అడిగినవా రుండిరి. కావున నష్టములోను కొంత దక్కినది. ఈ సంగతి మీ కంటితో చూచి రండు.

ఇక చేయవలసినది. జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను కాపాడు బాధ్యత రాజ్యాంగము 49వ అధికరణమున ప్రభుత్వముపై నున్నది. 1976లో చేర్చిన 51-ఎ అధికరణము మన సంస్కృతి వారసత్వమును రక్షించు విధిని ప్రతి పౌరునిపై నుంచినది. 1958 నాటి చట్టము, 2010 సవరణతో, సంరక్షిత కట్టడమును పాడుచేసినవారికి 2 సంవత్సరముల వఱకు చెర, 1 లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును విధించుచున్నది. ఱాతిపై మేకుతో పేరు గీకువా రీ మాట గుర్తుంచుకొందురు గాక! ఇటుక ముక్కనైనను జేబులో వేసికొనకుడు. విస్తరాకులు, కాగితములు మరల బస్సులోనికే తెచ్చుకొనుడు.

కాని చట్టము రక్షించునవి సంరక్షితములని ప్రకటింపబడిన స్థలములనే. మన పల్లెల చెంత పేరులేని పాటిదిబ్బ లెన్ని లేవు! పాటిమన్ను పొలములకు ఎరువుగా తోలుకొని పోవుట మనకు చిరకాలపు అలవాటు. గునపము ఏండ్లతరబడి చేసిన పనిని నేడు యంత్రము ఒక్క పూటలో ముగించును. అచ్చట కాపలావాడు లేడు. ఆ యూరివాడే కాపలావాడు. కుండపెంకులు, పెద్ద ఇటుకలు, చెక్కిన ఱాళ్లు కనబడినచో పని నిలుపుమని రైతుకు నచ్చజెప్పి, పురావస్తు శాఖకు ఒక జాబు వ్రాయుటకు పదవు లక్కఱలేదు.

మీరు తిరిగి వచ్చిన పిమ్మట ఎన్ని ఛాయాచిత్రములు తెచ్చితిరని నే నడుగను. మీ యూరి దిబ్బ పేరేమి, దాని నెవరు త్రవ్వుచున్నారు, మీ రేమని యడిగితిరి అని మాత్రము తప్పక అడుగుదును.