కపోతాక్షం నుంచి కంసావతి దాకా

ఏ మాస్టారి పేరిట ఇవాళ ఇక్కడ చేరామో, ఆయన ఈ రైల్వే ఊళ్లో తెలుగు పాఠం చెప్పినన్నాళ్లూ ఒక మాట పట్టుబట్టి అనేవారు. పద్యంలో చెట్టు కనిపించగానే సంబరపడకండి, దాన్ని చూస్తున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో ముందు అడగండి అని. ఊరి మీద బెంగతో పుట్టిన ప్రకృతి కవిత నడిచిన దారిని ఆ మాట పట్టుకునే చెప్పుకొస్తాను.

వెన్నెల, వానమబ్బు వంటివాటిని మన ఆలంకారికులు ఉద్దీపన విభావాలన్నారు. ఉన్న భావాన్ని రగిలించేవన్నమాట. రామగిరి మీది యక్షుడికి కాళిదాసు మేఘం చేసింది అదే. మన పెద్దన ప్రవరుడి సంగతి వేరు. ముచ్చటపడి హిమాలయానికి వెళ్లాడు, మంచుకు పాదలేపం కరిగిపోయింది. అంత అందం ఎదురుగా ఉన్నా అతని ప్రాణం తల్లిదండ్రుల మీద, అగ్నిహోత్రం మీద కొట్టుకుంది. ప్రకృతి ఒకచోట, బెంగ ఇంకోచోట.

ఆ రెండూ ఒకటైన కవిత మనకు దగ్గర్లోనే, బెంగాలీలో ఉంది. మైకేల్ మధుసూదన్ దత్తు 1848 నుంచి 1856 దాకా మద్రాసులో బతికినవాడు. 1860లలో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో అప్పులతో సతమతమవుతూ, పుట్టిన ఊరు సాగర్‌దారి పక్కన పారే కపోతాక్ష నది మీద పద్నాలుగు పాదాల కవిత రాశాడు. నదిని ఎదుట ఉన్నట్టే పిలుస్తాడు, అది సంబోధన. దాని సవ్వడి చెవిన పడుతోందంటూనే అది భ్రాంతి అని తానే ఒప్పుకుంటాడు. ఆ నీళ్లు జన్మభూమి చనుబాలంటాడు, అది రూపకం. ఆ తర్వాత వచ్చే ఊహ దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. సముద్రం రాజు, నది ప్రజ, ఆ ప్రజ కట్టే పన్ను నీళ్లు. అప్పులవాళ్ల మధ్య నలుగుతున్న మనిషికి నది కూడా బాకీ కట్టేదిగా కనిపించిందే అని గుండె కలుక్కుమంటుంది.

తెలుగులో ఈ దారి తొక్కినవాళ్లు భావకవులు. శాంతినికేతన్‌లో చదువుకున్న రాయప్రోలు, 1925లో ‘కృష్ణపక్షం’ వెలువరించిన కృష్ణశాస్త్రి మీకు తెలియనివారు కారు.

ఇక మన సంగతి. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్నార్) పనికి వచ్చారు. నాగావళి, వంశధార వాళ్లు నిజంగా వదిలొచ్చిన నదులు. ఇక్కడి కంసావతి నదిని చూసి వాళ్లకు నాగావళి గుర్తొస్తే అది అచ్చమైన స్మృతిమదలంకారం. ఇక్కడే పుట్టిన పిల్లలు రాసే కవితల్లో కూడా కొబ్బరితోట, పంటకాలువ, గోదారిగట్టే వస్తున్నాయి. అవి విన్నవే గాని తిరిగినవి కావు. పోలిక ఎంత కుదిరినా పద్యం మనసుకు అంటదు. వాళ్లు ఎరిగినది ఎర్రమట్టి, సాలచెట్లు, మేదినీపూర్ పోయే రైలు వంతెన మీంచి వేసవిలో కనిపించే ఇసుకమేటలు. వీటిని ఉన్నదున్నట్టు చెబితే చాలు, స్వభావోక్తి అంటే అదే.

ఇక్కడ పెరిగి ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. కంసావతి ఇప్పుడు మీకు దూరమైంది. దాన్ని పేరుపెట్టి పిలిచే తెలుగు పద్యం మీరే రాయాలి. రాసి, వచ్చే ఏడు మాస్టారి సభలో చదవండి.