పేరు మార్చిన గొంతు



భాగ్యరెడ్డివర్మ గారి గురించి మాట్లాడమంటే పేర్ల దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. 1888లో హైదరాబాదులో ఒక మాల ఇంట పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. తండ్రి చిన్నప్పుడే పోయారు. ఇల్లు గడవక ఒక బారిష్టరు ఇంట్లో పనికి కుదిరారు. చదువు మీద ఆశ అక్కడే గట్టిపడింది. ‘భాగ్యరెడ్డి’ అన్న పేరు కుటుంబ గురువు పెట్టింది, ‘వర్మ’ 1913లో ఆర్యసమాజం వారు ఇచ్చిన బిరుదు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. పేటల్లో హరికథలు చెప్పించడం ఆ మండలి పని. ఈ విషయం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆయన ప్రతిభ అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అక్షరం రానివాళ్లు, పొద్దంతా కూలి చేసి అలసినవాళ్లు ఉపన్యాసం వినడానికి ఎందుకు కూర్చుంటారు? హరికథకైతే పిల్లాపాపలతో వస్తారు. హరిదాసు కథను మధ్యలో ఆపి పిట్టకథ చెప్పొచ్చు, ఎదుట కూర్చున్నవాళ్ల బతుకు సంగతి ఎత్తొచ్చు. కల్లు మానండి, పసిపిల్లలకు పెళ్లిళ్లు చేయకండి, ఆడపిల్లను దేవుడి పేర జోగినిగా వదలకండి అన్న మాటలు జనానికి తెలిసిన బాణీలోనే చెవిన పడ్డాయి. తన జనాన్ని చులకన చేయకుండా వాళ్ల తప్పును వాళ్లకే చెప్పగలిగిన మనిషి ఆయన. అది ఎంత కష్టమో వేదిక ఎక్కిన ప్రతివాడికీ తెలుసు.

1910లో హైదరాబాదు ఇసామియా బజారులోనూ మరికొన్ని చోట్లా బడులు తెరిచారు. మరుసటి ఏడు మండలి మాన్య సంఘం అయింది. ఊరు అంటరానివాళ్లన్న జనాన్ని ఆయన మాన్యులన్నారు!

ఇక బెజవాడ. 1917 నవంబరులో అక్కడ జరిగింది పంచమ మహాసభ. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేశారు, అధ్యక్షులు భాగ్యరెడ్డివర్మ. ఆయన ఆ సభ పేరునే పట్టుకున్నారు. శాస్త్రాలు చెప్పేది నాలుగు వర్ణాలే కదా, ఈ అయిదోది ఎక్కడి నుంచి వచ్చిందని నిలదీశారు. ఈ నేలకు మొదటివాళ్లం మేమేనన్నారు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. చీదరింపును మోయడానికి అలవాటుపడ్డ జనం మూడు రోజుల్లో తమకు తాము పేరు పెట్టుకున్నారు. మన సభల చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఉపన్యాస విజయం నాకు తెలియదు.

హైదరాబాదులో అదే ఆలోచన ఆది హిందూ ఉద్యమమైంది. అయితే మాలలనూ మాదిగలనూ ఒక్క పేరు కింద నిలపాలన్న ఆయన కోరిక పూర్తిగా నెరవేరలేదు. ఆయన బతికుండగానే వేరు సంఘాలు వచ్చాయి. ఉద్యమంలో మాలలదే పైచేయి అన్న మాదిగల ఫిర్యాదులో న్యాయం ఉంది, ఆయన మీద గౌరవంతోనే ఈ మాట ఈ సభలో చెబుతున్నాను.

1931లో జనాభా లెక్కలు వచ్చాయి. నిజాం రాజ్యపు ఆ లెక్కల్లో ‘ఆది హిందూ’ అన్న పేరు ఎక్కింది. హరికథలతో మొదలైన ప్రయత్నం పాతికేళ్లకు సర్కారు పుస్తకం దాకా చేరింది. ఆయన అది కళ్లారా చూశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లే బతికారు.