గంట నిద్రపోతే 30 మంది!

1944. నాజీల చేతిలో ఉన్న పారిస్. అడాల్ఫో కామిన్‌స్కీ అనే 18 ఏళ్ల యూదు కుర్రాడు సీక్రెట్‌గా దొంగ గుర్తింపు కార్డులు తయారుచేసేవాడు. చెరగదనుకున్న సిరాని లాక్టిక్ యాసిడ్‌తో చెరిపేసి, కొత్త పేరు రాసేవాడు. కెమికల్స్ వాసన ఏంటని పక్కవాళ్లకి డౌట్ రాకుండా ‘మేం పెయింటర్లం’ అనేవాళ్లు.

ఒకసారి 300 మంది పిల్లల్ని దాచాలి. 900 కాగితాలు కావాలి. టైమ్ 3 రోజులే! గంటకి 30 చేయగలడు. అంటే తను గంట నిద్రపోతే 30 మంది చచ్చిపోతారని లెక్కేసుకున్నాడు. కళ్లు తిరిగి పడిపోయేదాకా పనిచేశాడు. పైసా తీసుకోలేదు.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేనూ డెడ్‌లైన్ల కోసం రాత్రుళ్లు మేల్కొన్నా. లేటైతే మేనేజర్ మెయిల్ వచ్చేది, అంతే. అక్కడ లేటైతే పిల్లల కోసం పోలీసులు వచ్చేవాళ్లు.

పోరాటం అంటే తుపాకీ ఒక్కటే కాదు ఫ్రెండ్స్, ఒక్కోసారి రబ్బరు స్టాంపు కూడా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!