ఆటలకూ ఓ పుస్తకమా?



మా అమ్మాయి చదివేది సి.బి.ఎస్.ఇ. స్కూలు. పోయినేడు పదకొండులో చేరుతూ, అయిదో సబ్జెక్టుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకుంటానంది. నా చిన్నప్పుడు డ్రిల్లు పీరియడంటే లెక్కల మాస్టారు పాఠాలు పూర్తికాక అరువు పుచ్చుకునే పీరియడు. “ఆటలకు పుస్తకమేమిటే, పరీక్షేమిటే?” అన్నాను. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. పిల్ల మొండిది, తీసుకుంది.

రాతపరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, పుస్తకం కనబడితే వదలను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని తిరగేస్తే, ఆసనాలు, న్యూటన్ సూత్రాలు, పదకొండు జట్లొస్తే అయిదింటికి ‘బై’ ఎందుకివ్వాలో లెక్క, అన్నీ ఉన్నాయి!

ఈ ఏడు ప్రాక్టికల్స్ కోసమని మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. చేతులు రెండూ గుండెలమీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో చూడాలి. పెద్దవయసు వారికోసం రిక్లీ, జోన్స్ అనే ఇద్దరు తయారుచేసిన పరీక్షట. డెబ్భై దాటిన ఆడవాళ్లకు పది నుంచి పదిహేనుసార్లు మామూలు. ఆవిడ ఏడుతో ఆగిపోయారు. “నా మోకాళ్లకేం కాలేదే, మీ కుర్చీయే పొట్టిది” అన్నారు.

ఇక అసలు సంగతి. పిల్ల పోటీలకని పొద్దున్నా సాయంత్రం పరుగులు పెడుతోంది. ఒళ్లు తేలిగ్గా ఉండాలని రాత్రిపూట అన్నం మానేసింది. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. సన్నబడిందని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే సంతోషించాను కూడా, ఏం చెప్పను!

ఒకరోజు ఆ పుస్తకంలోనే స్త్రీలూ క్రీడలూ అన్న పాఠం తీశాను. చేసే శ్రమకు చాలినంత తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది, ఆపైన ఎముకలు గుల్లబారతాయి, ఆటలాడే ఆడపిల్లల్లో ఈ మూడూ కలిసి వస్తాయి అని ఉంది. ఆ వాక్యాల కింద పెన్సిలు గీతలు. పరీక్షకోసం గీసిన గీతల్లా లేవవి, కాగితం చిరిగేలా ఉన్నాయి.

సాయంత్రం రాగానే అడిగాను. మూడు నెలలైందట. “చెబితే పరుగు మాన్పిస్తావని చెప్పలేదమ్మా” అంది. నిజమే, మాన్పించేదాన్నే.

లేడీడాక్టరు పరీక్షలన్నీ చేయించి, పుస్తకం చెప్పిందే చెప్పింది. కొన్నాళ్లు పరుగు తగ్గించాలి, తిండి పెంచాలి, పూర్తిగా మానక్కర్లేదు అంది. ఒంటికి చాలినంత ఇంధనం అందకపోతే శరీరం ముందుగా ఆ పని ఆపి ప్రాణం నిలుపుకుంటుందట. బొగ్గులు తక్కువైనప్పుడు మనం ఓ కుంపటి ఆర్పెయ్యమూ, అలాగన్నమాట.

నాలుగు నెలలకు సర్దుకుంది. ఇప్పుడు గ్రౌండు నుంచి రాగానే పెరుగన్నం, ఓ ఉడికించిన గుడ్డు, ఆ తర్వాతే స్నానం. మా అత్తగారు రోజూ సాధన చేసి తొమ్మిదిసార్లు లేస్తున్నారు. కుర్చీ మాత్రం అదే.