పని పోయిన ఇంట చదువు నిలవాలి
(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయం తన ఘనతను స్మరించుకొనుట సహజం. ఉత్తీర్ణతా శాతాలు, గెలుచుకొన్న బహుమతులు, ఉన్నత పదవులను అలంకరించిన విద్యార్థుల వివరాలు ఈ సంచికలోని ఇతర పుటలలో చోటుచేసుకొన్నాయి. అయితే ముంబయి మహానగరంలోని తెలుగు చదువుల చరిత్రలో ఏ మార్కుల పట్టికకూ ఎక్కని అధ్యాయం ఒకటి ఉన్నది. తండ్రి ఉద్యోగం పోయిన మరునాడు కూడా పుస్తకాల సంచి భుజాన వేసికొని బడికి వచ్చిన పిల్లల అధ్యాయం అది. పని కోల్పోయిన కుటుంబాలు మళ్లీ దారి ఎట్లా వెదుకుకొన్నాయి, ఆ వెదుకులాటలో ఏది జారవిడువకూడదు అన్నదే ఈ ప్రసంగ విషయం.

తెలుగువారికి ఈ నగరంతో గల అనుబంధం నేటిది కాదు. రాళ్లు మోసి, బాటలు వేసి, మేడలు కట్టిన తెలుగు కూలీలను నగరం కామాఠీలని పిలిచింది. కామాఠీపురా అన్న పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. 1854లో కావస్‌జీ దావర్ నూలుమిల్లును నెలకొల్పిన నాటి నుండి మిల్లులు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. లాల్‌బాగ్, పరేల్, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాలన్నీ కలిసి గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు అయినవి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ సీమలలో చేతిమగ్గంపై బ్రతుకు గడవని పద్మశాలీ కుటుంబాలు అనేకం ఈ మిల్లుల నేత ఖాతాలను చేరుకొన్నాయి. ఒక మగ్గం ఆగిపోయినప్పుడు మరొక మగ్గాన్ని వెదుకుకొంటూ వచ్చినవారు వారు. పని పోవడం, మరొక పని సంపాదించుకోవడం ఆ వంశాలకు అప్పటికే తెలిసిన కథ.

మిల్లులో స్థిరపడిన పిమ్మట ఆ కథను మరచిపోవడం కూడా సహజమే. మొదట బదిలీ కార్మికునిగా తెల్లవారక ముందే గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా రానినాడు ఆ చోట పనిచేయాలి. ఏండ్లు గడచిన పిదప పర్మనెంటు కావాలి. ఆపైన తండ్రి చేసిన ఖాతాలోనే కుమారునికి చోటు దొరకాలి. మిల్లు భోంగా మ్రోగే వేళను బట్టి చాళ్లలో పొయ్యి వెలిగేది. ఉద్యోగమంటే పొలం వలె తరతరాలకు సంక్రమించే ఆస్తి అన్న నమ్మకం ఆ విధంగా ఏర్పడినది.

ఆ నమ్మకం 1982లో తునిగిపోయినది. ఆ సంవత్సరం జనవరి 18వ తేదీన డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికుల సమ్మె ప్రారంభమైనది. వేతనాల పెంపు, బదిలీ కార్మికులను పర్మనెంటు చేయడం వారి కోర్కెలలో ముఖ్యమైనవి. దాదాపు రెండున్నర లక్షల మంది అందులో పాల్గొన్నారు. ఆ సమ్మెను లాంఛనంగా విరమించినవారు ఎవరూ లేరు. ఏడాది దాటి రెండవ ఏడు నడుస్తుండగా అది దానంతట అదే సన్నగిల్లినది. మిల్లులు కొన్ని తెరచుకొన్నాయి, కొన్ని తెరచుకోలేదు. లక్షకు పైగా కార్మికులు తమ ఉద్యోగాలకు తిరిగి పోలేకపోయారు.

దీనికి సమ్మె ఒక్కటే కారణమనుట న్యాయం కాదు. మిల్లు యంత్రాలు పాతబడ్డాయి. తక్కువ కూలికి నడిచే మరమగ్గాలు పోటీకి వచ్చాయి. మిల్లులో నేసే గుడ్డకంటె మిల్లు నిలిచిన నేలకు విలువ పెరిగినది. 1991లో వచ్చిన నగరాభివృద్ధి నిబంధనలు మిల్లు స్థలాలను ఇతర అవసరాలకు వినియోగించేందుకు, అమ్ముకొనేందుకు వీలు కల్పించాయి. నేడు ఆ పొగగొట్టాల నీడన అంగళ్ల సముదాయాలు, ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి. ఇన్ని కారణాలలో నేతగాని చేతిలోని లోపం ఎక్కడా లేదు. అయినప్పటికీ తలవంచుకొన్నది అతడే. ఉద్యోగం పోయిన మనిషి మొట్టమొదట దాచేది డబ్బును కాదు, మాటను. ఇరుగుపొరుగుకు తెలియరాదని, బంధువులకు తెలియరాదని, చివరకు కన్నబిడ్డలకు తెలియరాదని దాచుతాడు. దాచినన్నాళ్లు అప్పు పెరుగుతుందే గాని దారి కనబడదు.

పని పోయిన ఆ కుటుంబాలు వివిధ మార్గాలు పట్టాయి. కొందరు సమీపంలోని భీవండికి పోయి మరమగ్గాలపై కుదురుకొన్నారు. మిల్లులోని భద్రత, సెలవులు, ఆసుపత్రి సౌకర్యం అక్కడ లేవు. చేతిలోని పని మాత్రం అదే. మరికొందరు స్వస్థలాలకు మరలిపోయారు. భీవండి, ముంబయిలలో పని నేర్చిన నేతగాండ్లు ఆ నేర్పును సిరిసిల్లకు తీసికొనిపోగా, అక్కడ సాంచెల చప్పుడు వినరాని వీధి లేదన్నంతగా మరమగ్గాలు విస్తరించాయి. ఇంకొందరు కూరగాయల బండ్లు పెట్టారు, కావలి ఉద్యోగాలకు కుదిరారు.

ఇండ్లలోని స్త్రీలు ఆ కాలంలో మోసిన బరువు చరిత్రలో తక్కువగా నమోదైనది. కుటుంబాలను ఊళ్లలో విడిచి వచ్చిన మిల్లు కార్మికులకు అన్నం వండిపెట్టి జీవించే స్త్రీలు గిరణ్‌గావ్‌లో వేలసంఖ్యలో ఉండేవారు. వారికి వడ్డీ వ్యాపారుల నుండి విముక్తి కలిగించి బ్యాంకు రుణాలు ఇప్పించే ఉద్దేశంతో 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండల్‌ను స్థాపించారు. వంట చేయడం అందరి ఇండ్లలోను జరిగే పనే. దానినే వృత్తిగా గుర్తించి, లెక్కలు వ్రాసి, బ్యాంకు ముందు నిలబెట్టినప్పుడు అది పెట్టుబడికి అర్హమైనది. ఇందులో గ్రహింపదగిన విషయమున్నది. ఉద్యోగం వేరు, పని వేరు. ఉద్యోగం గేటు లోపల ఉంటుంది. పని మనిషి చేతిలో, బుద్ధిలో ఉంటుంది. గేటు మూసినవాడు రెండవదానిని తీసుకోలేడు.

మిల్లులో ఇరువది ఏండ్లు గడిపిన నేతగానికి ఏమి తెలుసునని ప్రశ్నించుకొంటే ఈ మాట స్పష్టమవుతుంది. తెగిన పోగును క్షణంలో పట్టుకొనే చూపు, యంత్రపు చప్పుడులోని తేడాను బట్టి లోపాన్ని పసిగట్టే చెవి, గుడ్డను వ్రేళ్లతో తడిమి నాణ్యత చెప్పగల అనుభవం అతనికి కలవు. ఇంట తెలుగు, చాలులో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడి నెగ్గుకొని రాగల నేర్పు కలదు. వీటిలో ఒక్కటి కూడ అతని గుర్తింపు కార్డుపై వ్రాసి ఉండదు. కనుకనే అతడు తనకేమీ రాదనుకొంటాడు. కొత్త దారికి తొలి మెట్టు తనకు వచ్చినదేమిటో తానే కూర్చొని వ్రాసుకోవడం.

అట్లని ప్రతి నష్టం వెనుక లాభం దాగియున్నదని చెప్పుట సత్యం కాదు. పని పోయినవారిలో ఎందరో మళ్లీ కోలుకోలేదు. సిరిసిల్లలో నూలు ధర పెరిగి, అప్పులు మిక్కుటమై ప్రాణాలు తీసుకొన్న నేతన్నలున్నారు. 2017 నుండి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు అక్కడి మగ్గాలకు ఊపిరి పోసినవి. 2024లో ఆర్డర్లు కరువై అనేక మగ్గాలు తిరిగి ఆగినవి. ఒకే గేటును నమ్ముకొన్న ఊరికి ఆ గేటు మూతపడినప్పుడు కలిగే కష్టం మారలేదు. అందువల్లనే ఆ ఇంటి తరువాతి తరం చేతిలో రెండవ తాళంచెవి ఉండవలెను. ఆ తాళంచెవి చదువు.

ఈ నగరమే ఇందుకు గొప్ప నిదర్శనమును చూపినది. మరాఠీ కవి నారాయణ్ సుర్వే తల్లిదండ్రులెవరో తెలియని అనాథ శిశువు. గంగారామ్ సుర్వే అనే మిల్లు కార్మికుడు ఆ బిడ్డను చేరదీసి, తన ఇంటిపేరు ఇచ్చి, కొన్ని తరగతులు చదివించాడు. ఆ ఆధారం కూడా దూరమైన పిదప బాలుడు దొరికిన పనల్లా చేశాడు, మిల్లులోను శ్రమించాడు. నగరపాలక సంస్థ బడిలో ప్యూనుగా చేరినాడు. అక్కడ ఉంటూనే చదువు కొనసాగించి ఉపాధ్యాయుడైనాడు. 1998లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. తాను కడుపు నిండ తినలేని కార్మికుడు ఒక పసివానికి అందించిన ఆ నాలుగు తరగతులే తరువాతి మెట్లన్నింటికి ఆధారమైనవి.

కాబట్టి పని పోయిన ఇంట నిలుపుకోవలసినవి మూడు.

మొదటిది మాట. ఇంటి పరిస్థితిని భార్యాభర్తలు కలిసి కూర్చొని లెక్క వేసుకోవాలి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు వచ్చునో మొదటి వారంలోనే తెలియాలి. ఎదిగిన పిల్లలకు కూడా భయపెట్టకుండా నిజం చెప్పాలి. చెప్పకపోయినను పిల్లలకు తెలిసిపోతుంది. తమ వల్లనే ఏదో జరిగినదని మాత్రం తప్పుగా తెలుస్తుంది.

రెండవది కాగితం. టికెట్ నంబరు కార్డు, జీతపు చీటీలు, భవిష్యనిధి పత్రాలు, సర్వీసు సర్టిఫికెటు పాతవని పారవేయరాదు. 1982 జనవరి 1 నాటికి గాని ఆపైన గాని మిల్లులలో పనిచేసినవారికి, వారి వారసులకు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 2012లో లాటరీ ద్వారా ఇండ్లు కేటాయించడం మొదలుపెట్టినది. ముప్పది ఏండ్ల నాటి నలిగిన కాగితం అప్పుడు అర్హతకు సాక్ష్యమైనది. దాచుకొన్న ఇంట ఆశ నిలిచినది, పారవేసుకొన్న ఇంట నిట్టూర్పు మిగిలినది.

మూడవది చదువు. ఆదాయం తగ్గగానే తొలుత కోత పడేది పిల్లల చదువుకే, అందులోను ఆడపిల్ల చదువుకు. ‘ఈ ఒక్క సంవత్సరం ఆగనీ’ అన్న మాటతో అది మొదలవుతుంది. ఆగిన పిల్లలలో తిరిగి వచ్చేవారు తక్కువ. నెలకు కొన్ని వందల రూపాయల కూలి కోసం పదవ తరగతి మాన్పించిన ఇల్లు, ఆ బిడ్డ జీవితమంతా పొందవలసిన ఆదాయాన్ని ముందుగానే తాకట్టు పెట్టినట్లు అవుతుంది. బంగారం తాకట్టు నుండి విడిపించుకోవచ్చును. గడచిన బాల్యాన్ని విడిపించుకొనే దుకాణం లేదు.

ఇది పాత కథ మాత్రమే కాదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలైనప్పుడు హోటళ్లలో, కుట్టు కార్ఖానాలలో, టాక్సీలపై ఆధారపడిన ఎన్నో తెలుగు ఇండ్లలో ఒక్క వారంలో రాబడి నిలిచినది. నేడు కార్యాలయాలలో పనిచేసే విద్యావంతుల ఉద్యోగాలు కూడ ఒక్క ఉత్తరంతో ముగిసిపోవుట కానవస్తున్నది. అయితే 1982లో లేని ఆసరాలు కొన్ని నేడు ఉన్నవి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చి, ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది. చదువు మధ్యలో ఆగినవారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పదవ తరగతి పరీక్ష వ్రాసే వీలు కల్పిస్తున్నది, వృత్తి కోర్సులను కూడ నడుపుతున్నది. పగలు పనిచేసేవారికి ముంబయిలో రాత్రి పాఠశాలల సంప్రదాయం ఎన్నో తరాలుగా ఉన్నది.

తల్లిదండ్రులారా! అడగనిదే అమ్మయినా పెట్టదు. ఇంట కష్టం వచ్చినప్పుడు తరగతి ఉపాధ్యాయునికి ఒక్కమాట చెవిన వేయుట చిన్నతనం కాదు. ఫీజు గడువు, పుస్తకాలు, దుస్తులు మాట్లాడి సర్దుకోగల విషయాలు. పిల్లవాడు బడి మానిన తరువాత తెలిసినచో సర్దుటకు ఏమీ మిగలదు.

ఉపాధ్యాయ మిత్రులారా! హఠాత్తుగా మౌనం వహించిన విద్యార్థి, భోజనపు డబ్బా తేవడం మానిన విద్యార్థి, విహారయాత్రకు డబ్బు అడిగిననాడు గైర్హాజరైన విద్యార్థి ఇంటి సంగతిని నోటితో చెప్పడు. తరగతిలో పదిమంది ఎదుట ఫీజు ప్రస్తావన తేకుండుట ఉపాధ్యాయ ధర్మంలో భాగం.

పూర్వ విద్యార్థులారా! ఉత్సవానికి విరాళం ఇచ్చిన చేతులు స్తుతిపాత్రములు. అంతకు మించిన కానుక మరొకటి కలదు. ఎవరెవరు ఏయే వృత్తులలో ఉన్నారో తెలిపే పట్టిక ఒకటి పాఠశాలకు సమకూర్చి ఇవ్వండి. పని పోయిన తండ్రికి ఉద్యోగం ఇవ్వలేకపోయినను, ఎక్కడ ఖాళీ ఉన్నదో చెప్పే మాట, దరఖాస్తు వ్రాసిపెట్టే అరగంట, ఏ శిక్షణ పనికివచ్చునో తెలిపే సలహా ఇవ్వడం సాధ్యమే. మిల్లులలో ఒక ఊరివాడు మరొక ఊరివానిని వెంట తీసికొనిపోయి గేటు దగ్గర నిలబెట్టిన సంప్రదాయమే కదా ఇన్ని తెలుగు కుటుంబాలను ఈ నగరానికి చేర్చినది!

మిల్లులు మూతపడినవి, భోంగాలు మూగబోయినవి. ఆ మిల్లులలో పనిచేసినవారు తమ కొద్దిపాటి జీతంలో నుండి పిల్లల పలకకు, బలపానికి తీసిపెట్టిన డబ్బు మాత్రం వ్యర్థం కాలేదు. నేడు ఈ సభలో ఆసీనులైన ఎందరో దాని ఫలమే. రానున్న సంవత్సరాలలో ఏ ఇంటిలో పని పోయినను, ఆ ఇంటి బిడ్డ పేరు హాజరుపట్టీ నుండి తొలగకుండా చూచినప్పుడే ఈ ప్లాటినం పండుగ సార్థకమవుతుంది.